టూ పాయింట్ సెవెన్ ఫైవ్ అంటే వెళ్ళాలా మానాలా? (పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

కొత్త సినిమాల రివ్యూల మీద మీ అనుమానాలు రాసి పంపండి అని కిందటి నెల ఒక చిన్న బాక్స్ వేసాం. అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చాయి, మన దక్షిణ ఒడిశాలో బరంపురం నుంచి జయపురం దాకా, కార్డు మీద రాసినోళ్ళు, వాట్సాప్ లో వాయిస్ పెట్టినోళ్ళు, ఒకాయనైతే నాలుగు పేజీలు రాసి చివర్లో ప్రశ్న రాయడం మర్చిపోయారు. ఒకేలాంటివి కలిపీసి, హీరోల అభిమానుల కొట్లాటలు పక్కన పెట్టీసి, మిగిలినవాటికి జవాబులు ఇస్తున్నాం.

ప్ర: ఒకే సినిమాకి ఒక సైట్ వాడు 3.25 ఇచ్చాడు, ఇంకొకడు 2 ఇచ్చాడు, యూట్యూబ్ లో ఒకతను తల పట్టుకుని కూర్చుని డబ్బులు దండగ అన్నాడు, మా ఆఫీసులో చూసొచ్చినాయన మాత్రం బానే ఉంది వెళ్ళండి అన్నాడు. మాకు తెలుగు వెర్షన్ కావాలంటే పిల్లల్ని వేసుకుని రైలెక్కి పార్వతీపురమో విజయనగరమో వెళ్ళాలి. ఎవరి మాట నమ్మాలండీ?
— ఒక రైల్వే ఉద్యోగి, రాయగడ

జ: ముందు ఒకటి చెప్తాను, ఆ నలుగురిలో ఒకడు నిజం చెప్పి మిగతా ముగ్గురు అబద్ధం చెప్పారని మాత్రం అనుకోకండి. సినిమా ఒకటే గానీ నలుగురూ చూసిన తీరు వేరు. సైట్లకి రాసేవాళ్ళ పని అమెరికా ప్రీమియర్లతోనే మొదలైపోతుంది, అక్కడ గురువారం సాయంత్రం అంటే మనకి శుక్రవారం తెల్లారిపోతుంది కదా, ఇక్కడేమో స్పెషల్ షో ఉంటే రాత్రి ఒంటిగంటకో తెల్లారుజాము నాలుక్కో ఉంటుంది, షో అయిన గంటలోపు రివ్యూ పైకెక్కాలి, లేటయితే జనం పక్క సైట్ కి వెళ్ళిపోతారు. అందుకే ఫస్టాఫ్ గురించి ఇంటర్వెల్ లోనే రాసీసేవాళ్ళున్నారు. ఆ టైమ్ లో చూసి 'సెకండాఫ్ ల్యాగ్', అంటే సాగదీసాడు అని రాస్తే అందులో సినిమా తప్పు ఎంతో రివ్యూయర్ నిద్ర ఎంతో విడదీసి చెప్పడం కష్టం. మీ ఆఫీసాయన ఆదివారం మ్యాట్నీకి, కడుపునిండా తిని, పిల్లలతో వెళ్ళుంటారు. ఆయనకి ఆ ల్యాగ్ కనపడదు.

ఇక ఆ స్టార్ల సంగతి. పేరుకి 5 మార్కుల స్కేల్. గమనించండి, 1 ఎవరూ ఇవ్వరు, 4.5 ఎప్పుడో గానీ రాదు, తెలుగు సైట్ల రేటింగులు ఎక్కువభాగం 2.25 కీ 3.25 కీ మధ్యలోనే తిరుగుతుంటాయి. అంటే వాడుతున్నది మధ్యలో ఉన్న ఒక్క మార్కు, దాన్నే పావులు చేసి పంచుతున్నారు. అందుకే 2.75 అనేది జోకైపోయింది, బాగుంది అని అనలేక బాలేదు అని అనలేక ఆగిపోయిన చోటు అది. మీకు కనపడిన 3.25 కీ 2 కీ తేడా కాగితం మీద తక్కువే గానీ ఆ భాషలో చాలా పెద్దది, ఒకాయనకి నిజంగా నచ్చింది, ఇంకొకాయనకి అస్సలు నచ్చలేదు.

కాబట్టి స్టార్లు వదిలీసి కారణం చదవండి. 'కామెడీ అంతా అమ్మాయి వెనకాల పడటమే' అని ఒకరు విసుక్కుని 2 ఇచ్చారనుకోండి, అలాంటి కామెడీకి మీ ఇంట్లో నవ్వుతారా లేదా అనేది మీకు తెలుసు, ఆయనకి తెలీదు. 'రక్తం ఎక్కువుంది' అని మెచ్చుకుని 3.25 ఇస్తే ఆ మెచ్చుకోలే మీ చిన్నపిల్లల్ని ఇంట్లో ఉంచమని చెప్తుంది. ఇంకో పని చెయ్యండి, మీరు ఇప్పటికే చూసీసిన నాలుగైదు సినిమాలకి ఏ రివ్యూయర్ ఏం రాసాడో వెనక్కెళ్ళి చదవండి. ఎవరి మాట మీ అభిప్రాయానికి దగ్గరగా ఉందో పట్టుకోండి. ప్రతిసారీ మీకు ఎదురు చెప్పేవాడు దొరికినా వదలకండి, వాడు తిట్టింది చూసేయొచ్చు, అదీ ఒక దారే కదా.

మన ఏరియాకి మాత్రం ఇంకొకటుంది, ఇది హైదరాబాద్ రివ్యూల్లో దొరకదు. మన ఊళ్ళలో చాలాసార్లు హాల్లో పడేది హిందీ డబ్బింగే. ఫైట్లు, గ్రాఫిక్స్, హీరోని ఆకాశానికెత్తే ఎలివేషన్ల సినిమా అయితే హిందీలోనూ పెద్దగా పోయేదేం ఉండదు, కానీ డైలాగ్ మీద నడిచే సినిమా, గోదావరి యాసో శ్రీకాకుళం యాసో వాడుకుని నవ్వించే సినిమా అయితే తెలుగు రివ్యూలో చదివిన 3.25 హిందీ హాల్లో కూర్చున్న మీకు వర్తించదు. దానికి తిరగబడ్డ కేసూ ఉంది. 2021 డిసెంబర్లో పుష్ప మొదటి పార్ట్ వచ్చినప్పుడు తెలుగులో రివ్యూలు అంతంతమాత్రం, అదే సినిమా హిందీలో 100 కోట్లు దాటీసింది. హిందీ ప్రేక్షకుడు ఆ తెలుగు రివ్యూలు చదవలేదు, చదివినా వాడికి కావలసింది వేరు.

డబ్బింగ్ లో పోయే సినిమా అయితే రైలెక్కండి. లేకపోతే రాయగడలోనే చూసేయండి.

ప్ర: ఈ రివ్యూలన్నీ డబ్బులిచ్చి రాయించుకున్నవే అని మా ఆయన అంటారు. నిజమేనా మేడమ్?
— ఒక గృహిణి, బరంపురం

జ: అన్నీ కాదమ్మా. కొన్ని అవును. అసలు సమస్య కవర్ లో పెట్టి ఇచ్చే డబ్బు కన్నా రివ్యూ పక్కనే కనపడే ప్రకటన. సినిమా సైట్ బతికేది సినిమా వాళ్ళ ప్రకటనల మీద, వాళ్ళ ఇంటర్వ్యూల మీద. రేపు అదే నిర్మాత ఇంకో సినిమాకి ఇంటర్వ్యూ ఇవ్వాలి కాబట్టి ఈరోజు 1.5 వెయ్యాల్సిన చోట 2.25 పడుతుంది. ఎవరూ లంచం ఇవ్వలేదు, ఎవరూ తీసుకోలేదు, అయినా చెయ్యి కొంచెం వణికింది. రెండో వైపూ ఉంది, తిడితే వ్యూస్ ఎక్కువొస్తాయి కాబట్టి కావాలని తిట్టేవాళ్ళు. దాన్ని కూడా డబ్బు కోసం రాసిన రివ్యూ అనే అనాలి నా లెక్కలో.

ఇన్ స్టాలో, యూట్యూబ్ లో ప్రమోషన్ చేసేవాళ్ళకి మాత్రం రూల్ ఉంది. డబ్బో బహుమతో ఫ్రీ ట్రిప్పో తీసుకుని ఏదైనా పొగిడితే ఆ సంగతి అక్కడే జనానికి తెలిసేలా చెప్పాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో గైడ్ లైన్స్ ఇచ్చింది, అంతకుముందు 2021లోనే ప్రకటనల మండలి ఆస్కీ కూడా ఇలాంటివే పెట్టింది. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. కాబట్టి రిలీజ్ కి ముందు రోజే హీరో పక్కన నిలబడి రీల్ చేసినోడు మర్నాడు 'బ్లాక్ బస్టర్ అండి బాబూ' అంటే దాన్ని రివ్యూ ఖాతాలో వెయ్యకండి. మీ ఆయనకి ఇది చదివి వినిపించండి, గెలిచానని ఆయనా అనుకుంటారు మీరూ అనుకుంటారు.

ప్ర: విమర్శకులు చీల్చి చెండాడిన సినిమాలు తర్వాత క్లాసిక్స్ అయిపోతున్నాయి. అలాంటప్పుడు వాళ్ళ తీర్పుకి విలువ ఏటి?
— ఒక కాలేజీ లెక్చరర్, గుణుపురం

జ: ఈ ప్రశ్న కోసమే ఎదురు చూసాను సార్, కాబట్టి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను.

షోలేతో మొదలెడదాం, అందరికీ తెలిసిందే కాబట్టి. 1975 ఆగస్టు 15న రిలీజ్. మొదట్లో రివ్యూలు చల్లగా వచ్చాయి, ట్రేడ్ వాళ్ళు, అంటే సినిమా వ్యాపారం లెక్కలు చూసేవాళ్ళు కూడా పోయిందనే అన్నారు. తర్వాత బొంబాయి మినర్వా థియేటర్లో ఐదేళ్ళకి పైగా ఆడింది. శంకరాభరణం చూడండి, 1980 ఫిబ్రవరి 2న వచ్చింది, స్టార్ హీరో లేడు, హీరో వయసు మళ్ళిన పాటగాడు, వేసింది మన శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్ళిన జె.వి. సోమయాజులు, అప్పటికి డిప్యూటీ కలెక్టర్. మొదటి రోజుల్లో హాళ్ళు ఖాళీ. చూసినోళ్ళు ఇంకొకళ్ళకి చెప్తే, వాళ్ళు ఇంకొకళ్ళకి చెప్తే నిండాయి. ఈ మధ్యది కావాలంటే ఖలేజా. 2010 అక్టోబర్లో వచ్చి హాళ్ళలో పోయింది, టీవీలో వేసి వేసి జనం డైలాగులు బట్టీ పట్టీసారు, 2025 మేలో మళ్ళీ రిలీజ్ చేస్తే కొత్త సినిమాలా హౌస్ ఫుల్ బోర్డులు పెట్టారు.

కానీ సార్, ఇవి చెప్పి విమర్శకులు పనికిరారు అంటే నేను ఒప్పుకోను. ఎందుకంటే ఆ ముక్క చెప్పినప్పుడల్లా మనం ఒక వైపు లెక్కే చూస్తున్నాం. విమర్శకులు బాలేదన్నవి వందలున్నాయి, అవి నిజంగానే బాలేదు, ఎవరూ గుర్తుపెట్టుకోలేదు కాబట్టి లెక్కలోకి రావు, అంతే.

విమర్శకుల్లో వాళ్ళకి వాళ్ళే పడకపోయిన కేసు ఒకటి చెప్తాను, నాకు బాగా ఇష్టమైనది. 1967లో అమెరికాలో బానీ అండ్ క్లైడ్ అనే దొంగల జంట సినిమా వచ్చింది. న్యూయార్క్ టైమ్స్ లో బోస్లీ క్రౌదర్ అనే ఆయన అప్పటికి పాతికేళ్ళకి పైగా రివ్యూలు రాస్తున్న పెద్దమనిషి, ఆయన మాటంటే మాటే, ఆ సినిమాని ఉతికి ఆరేసాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. న్యూస్ వీక్ లో జో మోర్గన్ స్టర్న్ అనే ఆయన కూడా తిట్టాడు, కానీ తర్వాత మామూలు జనంతో కలిసి ఇంకోసారి చూసాడు, చూసి తర్వాతి వారం సంచికలోనే నేను ముందు రాసింది తప్పు అని అచ్చు వేయించాడు. పాలిన్ కేల్ అనే ఆవిడ న్యూయార్కర్ లో ఆ సినిమా ఎందుకు గొప్పదో చాంతాడంత వ్యాసం రాసింది, ఆ దెబ్బతో ఆవిడకి అక్కడ పర్మనెంట్ గా కుర్చీ దొరికింది. ఏడాది తిరిగేసరికి క్రౌదర్ కుర్చీలో రెనాటా ఆడ్లర్ అనే ఆవిడ ఉంది. సినిమాకి 10 ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, 2 గెలిచింది.

ఈ క్రౌదరే 1958లో మన పథేర్ పాంచాలీ న్యూయార్క్ లో రిలీజైనప్పుడు దాన్ని కూడా తేల్చి పారేసాడు, నిర్మాణం వదులుగా ఉంది, నత్తనడక నడిచింది అన్నట్టు. జనం వినలేదు, అది అక్కడ నెలల తరబడి ఆడింది. అంతమాత్రాన క్రౌదర్ తెలివితక్కువవాడా అంటే కాదు. ఆయన నచ్చలేదు అని ఊరుకోలేదు, ఏది నచ్చలేదో రాసాడు. వదులుగా ఉందన్నాడు, నెమ్మదిగా ఉందన్నాడు. అవి చదివి ఒకడు మానేస్తాడు, ఇంకొకడు అయితే నాకు కావలసింది అదే అని వెళ్తాడు. మార్కు తప్పినా వర్ణన పనికొచ్చింది. మీరు అడిగిన విలువ అక్కడుంది సార్, తీర్పులో లేదు.

మోర్గన్ స్టర్న్ లాంటి పని ఈరోజుల్లో ఎవరైనా చేస్తే కింద కామెంట్లలో ఎంత ముట్టింది అని అడుగుతారు. పాపం.

ప్ర: పాత రోజుల్లో సమీక్ష అంటే చదవడానికి ఒక అందం ఉండేది. ఇప్పుడు ప్లస్ పాయింట్స్, మైనస్ పాయింట్స్, పంచ్ లైన్. భాష కూడా ఘోరం. మీ పత్రిక భాష కూడా అంతంతే అనుకోండి.
— ఒక రిటైర్డ్ టీచర్, పర్లాకిమిడి

జ: మాస్టారూ, మా భాష మీద మీరు కోప్పడితే సర్దుకుంటాం గానీ, మాట్లాడే భాషలో రాయాలని గిడుగు రామమూర్తి గారు పోట్లాట మొదలెట్టింది మీ ఊళ్ళోనే కదండీ, ఆయన ఉద్యోగం చేసింది అక్కడే. ఇప్పుడు ఇలా అయిందని ఆయన్ని అడగడానికి లేదు.

మిగతా దాంట్లో మీతోనే ఉన్నాను. కొడవటిగంటి కుటుంబరావు గారు సినిమా మీద రాసినవి ఇప్పటికీ చదవొచ్చు, సినిమా మర్చిపోయినా వ్యాసం నిలబడుతుంది. గుడిపూడి శ్రీహరి గారు ఇంగ్లీషు, తెలుగు పత్రికల్లో ఏళ్ళ తరబడి రాసారు. వాళ్ళకి ఉన్నదీ ఇప్పుడోళ్ళకి లేనిదీ ఒకటే, టైమ్. రివ్యూ వారానికో పది రోజులకో వచ్చేది, అప్పటికి సినిమా చూసీసినోళ్ళు కూడా చదివేవాళ్ళు, అంటే అది చూడాలా వద్దా చెప్పే చీటీ కాదు, చూసినదాని గురించి మాట. ఇప్పుడు టికెట్ బుక్ చేసే లోపల చదివేది కాబట్టి ప్లస్సులూ మైనస్సులూ వచ్చి కూర్చున్నాయి. ఆ ఫార్మాట్ ని నేను వెనకేసుకురాను. కెమెరా బాగుంది, ఎడిటింగ్ ఇంకొంచెం షార్ప్ గా ఉండాల్సింది, నిర్మాణ విలువలు రిచ్ గా ఉన్నాయి, ఈ మూడు వాక్యాలూ ఏ సినిమా కిందైనా అతికించొచ్చు. ఎడిటర్ పేరు చెప్పకుండా ఎడిటింగ్ ని తిట్టడం ఇంకొకటి.

అన్నట్టు మంచి సమీక్షకి మన దేశంలో గుర్తింపు లేదనుకోకండి, జాతీయ సినిమా అవార్డుల్లో ఉత్తమ విమర్శకుడికి 1984 నుంచీ అవార్డు ఇస్తున్నారు. మీ దగ్గర పాత పత్రికల కటింగులు ఉన్నాయని రాసారు. వాటిని పాతపట్నం జిరాక్స్ షాపులో కాపీలు తీయించి పంపగలరా, ఖర్చు మేం పెట్టుకుంటాం.

ప్ర: అన్నా, రాటెన్ టమాటోస్ లో 92 శాతం, ఐఎమ్ డీబీలో 6.1, బుక్ మై షోలో 9. ఇవన్నీ ఒకే సినిమాకి! లెక్కలు తప్పా నా కళ్ళు తప్పా?
— ఒక ఇంజనీరింగ్ స్టూడెంట్, జయపురం

జ: లెక్కలూ కరెక్టే, నీ కళ్ళూ కరెక్టే తమ్ముడూ. మూడూ మూడు వేరే ప్రశ్నలకి జవాబులు.

రాటెన్ టమాటోస్ శాతం మార్కు కాదు. విమర్శకుల్లో ఎంతమంది బాగుందనే వైపు చెయ్యెత్తారు అనేదే ఆ శాతం, 60, ఆపైన ఉంటే ఎర్ర టమాటా, తగ్గితే ఆకుపచ్చ మరక. పెళ్ళిలో వందమందిని భోజనం ఎలా ఉందని అడిగితే వందమందీ 'ఆఁ, పర్లేదు' అంటే అక్కడ 100 శాతం వచ్చీస్తుంది. అదే సగంమంది ఇంత కమ్మని భోజనం జన్మలో తినలేదని, మిగతా సగం నోట్లో పెట్టలేకపోయామని అంటే 50 శాతం, కుళ్ళిన టమాటా. కానీ నువ్వైతే ఏ పెళ్ళికి వెళ్తావ్? నేను రెండోదానికి వెళ్తాను. విమర్శకులు రెండుగా చీలిపోయిన సినిమాలో ఏదో ఒకటి ఉంటుంది, అందరికీ పర్లేదు అనిపించినదాంట్లో ఉంటుందని గ్యారంటీ లేదు. అదే సైట్ లో సగటు మార్కు కూడా లోపల ఇస్తారు, వెతికి చూడు. మెటాక్రిటిక్ అనే ఇంకో సైట్ విమర్శకుల మార్కులకి సగటు కడుతుంది, అందులోనూ కొందరి మార్కుకి ఎక్కువ బరువు ఇస్తారు.

ఐఎమ్ డీబీలో ఓటేసేది అకౌంట్ ఉన్న ఎవరైనా, పదికి ఇన్ని అని. ఒక హీరో ఫ్యాన్స్ పదులు గుద్దుతారు, అవతలోళ్ళు ఒకట్లు గుద్దుతారు, సైట్ వాళ్ళు దానికి ఏవో ఫార్ములాలు వేసి సరిచేసుకుంటారు. తెలుగు సినిమాకి మొదటి వారం ఆ అంకె చూడటం దండగ, ఆరు నెలలు పోయాక చూడు. బుక్ మై షోలో వేసేవాళ్ళు ఎక్కువగా సొంత డబ్బు పెట్టి టికెట్ కొన్నోళ్ళు, మొదటి రోజు కొన్నోడు అభిమానే అయ్యుంటాడు, నచ్చాలనే మనసుతో వెళ్తాడు, అందుకే ఆ అంకె పైనే ఉంటుంది. అమెరికాలో సినిమాస్కోర్ అనే సంస్థ కూడా మొదటి రోజు రాత్రి హాలు బయట జనాన్నే అడిగి ఏ ప్లస్ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ ఇస్తుంది, విమర్శకుల్ని అడగనే అడగదు.

ప్ర: రివ్యూలన్నీ ఫ్లాప్ అన్నాయి, రెండో రోజే 100 కోట్ల పోస్టర్ వచ్చింది, నెల తర్వాత బయ్యర్లు మునిగిపోయారని వార్త. ఇందులో ఏది నిజం?
— ఒక కిరాణా వ్యాపారి, కొరాపుట్

జ: మీరు వ్యాపారం చేసేవారు కాబట్టి మీకు తొందరగా ఎక్కుతుంది. పోస్టర్ మీద వేసేది గ్రాస్, అంటే టికెట్ల మీద మొత్తం వసూలు, అది కూడా వాళ్ళు చెప్పిన లెక్కే. అందులోంచి జీఎస్టీ పోవాలి, థియేటర్ అద్దెనో వాటానో పోవాలి, మిగిలింది షేర్. సినిమాని ఏరియా లెక్కన కొనుక్కున్న డిస్ట్రిబ్యూటర్, అదే బయ్యర్, చేతికొచ్చేది అదే. ఊరికే లెక్క కోసం అనుకోండి, ఒక ఏరియాని 10 కోట్లకి కొన్నాడు, గ్రాస్ 15 కోట్లు వచ్చింది, షేర్ 8 మిగిలింది. పోస్టర్ పండగ, బయ్యర్ కి 2 కోట్లు చిల్లు. అదే సినిమాని 5 కోట్లకి కొనుంటే సూపర్ హిట్. సినిమా మారలేదు, కొన్న రేటు మారింది. రివ్యూ రాసేవాడికి ఈ రేటుతో పనిలేదు, ఉండకూడదు కూడా, ఈమధ్య కొందరు రివ్యూలోనే బ్రేక్ ఈవెన్ అవుతుందా, అంటే పెట్టిన డబ్బు తిరిగొస్తుందా అని రాస్తున్నారు, అది వాళ్ళ పని కాదు.

మన లెక్క ఎక్కడుంటుందా అని వెతికారా ఎప్పుడైనా? నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్ గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని వరసగా రాసి, ఆ తర్వాత 'కర్ణాటక ప్లస్ రెస్ట్ ఆఫ్ ఇండియా' అని ఒక గంప ఉంటుంది. బరంపురంలో, రాయగడలో, కొరాపుట్ లో మనం కొన్న టికెట్ ఆ గంపలో పడుతుంది. షూటింగ్ కి మాత్రం మనం గుర్తొస్తాం, 2025 మార్చిలో రాజమౌళి వచ్చి కొరాపుట్ కొండల్లోనే కదా షూటింగ్ చేసుకెళ్ళారు, దేవమాలి కొండెక్కి అక్కడ చెత్త పడెయ్యొద్దని కూడా చెప్పెళ్ళారు.

ప్ర: నేను థియేటర్లో పని చేస్తాను, ఊరి పేరు వెయ్యొద్దు. శుక్రవారం మధ్యాహ్నానికే రివ్యూలు బాలేదని వస్తే శనివారానికి మా దగ్గర తెలుగు షో తీసీసి హిందీదో ఒడియాదో వేసీస్తారు. మూడు రోజులు రివ్యూలు ఆపమని రూల్ పెట్టొచ్చు కదా?

జ: మీ బాధ అర్థమైంది, ఇది హైదరాబాద్ వాళ్ళకి తెలీని నష్టం, అక్కడ వంద షోల్లో ఇరవై పోతాయి, మన దగ్గర ఉన్నదే ఒక షో, పోతే మొత్తం పోయినట్టే. కానీ రూల్ మాత్రం కుదరదండీ, కుదరకూడదు.

అడగలేదని కాదు. 2023లో కేరళ హైకోర్టులో ఒక దర్శకుడు కేసు వేసాడు, కావాలని గుంపుగా నెగిటివ్ రివ్యూలు పెడుతున్నారని. కోర్టు ఒక లాయర్ని సలహాకి పెడితే ఆయన 2024 మార్చిలో ఇచ్చిన రిపోర్టులో రిలీజైన 48 గంటల దాకా వ్లాగర్లు (వీడియో రివ్యూలు పెట్టేవాళ్ళు) ఆగితే బాగుంటుందని రాసారు. తమిళ నిర్మాతల సంఘం ఒకటి 2024 డిసెంబర్లో మద్రాస్ హైకోర్టుకెళ్ళి మొదటి మూడు రోజులు రివ్యూలు ఆపమని అడిగింది. అభిప్రాయం చెప్పడం వాక్ స్వాతంత్ర్యం కిందకొస్తుంది, ఉన్నపళంగా ఆపెయ్యమని చెప్పలేం అంది కోర్టు. నాకు అదే సబబనిపించింది. మూడు రోజులు నోరు కట్టేస్తే ఆ మూడు రోజుల్లో మోసపోయేది డబ్బు పెట్టి వచ్చే మనలాంటోళ్ళే కదా. పొగిడే రివ్యూలు ఆపమని ఏ నిర్మాతా కోర్టుకి వెళ్ళినట్టు నేను వినలేదు.

అబద్ధం రాస్తే, బెదిరించి డబ్బడిగితే దానికి చట్టాలు వేరే ఉన్నాయి, వాటితో పట్టుకోవాలి. మీ ఊళ్ళో షో నిలబడాలంటే మాత్రం మీ మేనేజర్ని ఒక్క ఆదివారం దాకా ఆగమనండి. మన దగ్గర తెలుగు కుటుంబాలు వచ్చేదే ఆదివారం, పల్లెల నుంచి శుక్రవారం ఎవరు రాగలరు? హైదరాబాద్ శుక్రవారం చూసి మన ఆదివారాన్ని తీసీయడం వ్యాపారంగా కూడా తప్పే.

ప్ర: నేను రివ్యూ చదవందే సినిమాకి వెళ్ళను, మా ఆవిడ చదివితే మజా పోతుందంటుంది. ఎవరు రైటు?
— ఒక బ్యాంకు ఉద్యోగి, బరంపురం

జ: మీరు వెళ్ళేముందు చదవండి, ఆవిడ వచ్చాక చదువుతారు. హాల్లో మాత్రం 'ఇప్పుడు ట్విస్ట్ వస్తుంది చూడు' అని మోచేత్తో పొడవకండి, గొడవకి అసలు కారణం అదే అయ్యుంటుందని మా అనుమానం.

ప్ర: నాకు రివ్యూలు రాయాలని ఉంది. ఫోన్ లో టైప్ చేసి పెట్టుకున్నాను గానీ ఎవరికీ చూపించలేదు. ఎలా మొదలెట్టాలి మేడమ్?
— ఒక డిగ్రీ విద్యార్థిని, రాయగడ

జ: మొదలెట్టీసావు కదమ్మా, ఇంకా మొదలెట్టేదేటి. కథ మొత్తం చెప్పకు, నాలుగు వాక్యాల్లో ఆపీ. బాగుంది, బోర్ కొట్టింది అనే మాట రాసిన ప్రతిచోటా వెంటనే ఏ సీన్, ఎందుకు అనేది రాయి, రాయలేకపోతే ఆ మాట కొట్టీ. తెలుగులో చూసావా హిందీలో చూసావా, హాలు నిండిందా, పక్కనోళ్ళు ఎక్కడ నవ్వారు, నువ్వు నవ్వని చోట వాళ్ళు నవ్వారా, ఇవి రాయి, ఇవి హైదరాబాద్ లో ప్రీమియర్ చూసినోడు రాయలేడు. ఒడియా సినిమాలు కూడా చూడు, మొదటి ఒడియా సినిమా సీతా వివాహం 1936లోనే వచ్చింది, ఒడిశా రాష్ట్రం పుట్టిన ఏడాదే, వాళ్ళ సినిమా మీద తెలుగులో రాసేవాళ్ళు నాకైతే కనపడటం లేదు, ఆ పని నీలాంటిది చెయ్యొచ్చు.

ఇంట్లో ఎవరికైనా నచ్చిన సినిమాని నువ్వు తిడితే అన్నం దగ్గర కాస్త మాటలు పడతాయి, అది మామూలే. రాసింది పంపు, మూడొందల మాటలు దాటకుండా, స్టార్లు వెయ్యకుండా. వచ్చే సంచికకి 20వ తారీకు లోపు అందాలి.